ఇగోర్ సికోర్‌స్కీ

ఇగోర్ ఇవనోవిచ్ సికోర్‌స్కీ (1889 మే 25 - 1972 అక్టోబరు 26) రష్యా సామ్రాజ్యంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రముఖ విమాన నిర్మాత, వైమానికుడు. నాలుగు ఇంజన్ల విమానాన్ని విజయవంతంగా నడిపిన తొలి వ్యక్తి. పైన ఒక పెద్ద రోటరు, తోక వద్ద ఒక చిన్న రోటరు ఉండే నేటి హెలికాప్టరు నమూనాకు ఆచరణయోగ్యమైన రూపమిచ్చినవాడు. 1909లో విఫలమైన ప్రయత్నాన్ని ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ చేపట్టి సాధించడం ఈయన జీవితంలోని విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

సికోర్‌స్కీ కీవ్ నగరంలో జన్మించాడు. తండ్రి ఇవాన్ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. తల్లి మరియా వైద్యవిద్య చదివినా వృత్తి చేపట్టక పిల్లల చదువు చూసుకొనేది. లియొనార్డో డావిన్సీ గీసిన ఎగిరే యంత్రాల గురించీ, జూల్స్ వెర్న్ కథల గురించీ ఈయన తల్లి ద్వారానే తెలుసుకున్నాడు. సుమారు పన్నెండేళ్ళ వయసులో రబ్బరు బ్యాండు మెలితో పైకి లేచే చిన్న హెలికాప్టరు బొమ్మను స్వయంగా తయారుచేశాడు. 1903లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నౌకాదళ విద్యాలయంలో చేరి, ఇంజనీరింగుపై ఆసక్తితో 1906లో దానిని విడిచిపెట్టాడు. కొంతకాలం పారిస్‌లో చదివి, 1907లో కీవ్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

తొలి హెలికాప్టర్లు

1909లో మళ్ళీ పారిస్ వెళ్ళి 25 అశ్వశక్తి గల అంజాని ఇంజను కొని తెచ్చాడు. ఒకే ఇరుసుపై ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు రోటర్లతో అదే సంవత్సరం మొదటి హెలికాప్టరును నిర్మించాడు. అది నేల విడువలేదు. 1910లో నిర్మించిన రెండవ యంత్రం తన బరువును తాను ఎత్తగలిగిందే తప్ప మనిషిని మోయలేకపోయింది. తగినంత తేలికగా ఉండి ఎక్కువ శక్తినిచ్చే ఇంజన్లు ఆనాడు లేవని గ్రహించి, సికోర్‌స్కీ హెలికాప్టరును పక్కన పెట్టి విమానాల వైపు మళ్ళాడు.

విమాన నిర్మాణం

ఒకసారి గాలిలో ఉండగా ఇంజను ఆగిపోవడంతో సికోర్‌స్కీ అత్యవసరంగా దిగవలసి వచ్చింది. పెట్రోలులో పడిన ఒక దోమ కార్బురేటరులో అడ్డుపడినట్లు తరువాత తేలింది. ఒక్క ఇంజనుపై ప్రాణాలు ఆధారపడకూడదని భావించి, 1913లో నాలుగు ఇంజన్ల 'రస్కీ విత్యాజ్' విమానాన్ని నిర్మించి నడిపాడు. దాని తరువాతి రూపమైన 'ఇల్యా మురొమెత్స్' మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబర్‌గా ఉపయోగపడింది.

అమెరికా ప్రయాణం

విప్లవానంతరం 1918లో రష్యాను విడిచి, ఫ్రాన్సు మీదుగా 1919 మార్చిలో న్యూయార్క్ చేరాడు. అక్కడ కొంతకాలం తోటి వలసదారులకు గణితం బోధించి జీవించాడు. 1923లో మిత్రులతో కలిసి సొంత సంస్థను స్థాపించినప్పుడు, సంగీత విద్వాంసుడు రహ్మానినొవ్ 5,000 డాలర్లు ఇచ్చి ఆదుకున్నాడు. 1928లో అమెరికా పౌరసత్వం పొందాడు. నీటిపై దిగగల ఈయన విమానాలను పాన్ అమెరికన్ సంస్థ సుదూర ప్రయాణాలకు వాడింది.

వీఎస్-300

హెలికాప్టరు ఆలోచన మాత్రం ఆయనను విడువలేదు. 1931లో ఒక నమూనాకు పేటెంటు కోరగా 1935లో లభించింది. ఈలోగా జర్మనీలో హైన్రిష్ ఫోకె రెండు రోటర్ల హెలికాప్టరును 1936లో నడిపించాడు. సికోర్‌స్కీ ఒకే ప్రధాన రోటరును ఎంచుకున్నాడు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంజను రోటరును ఒక వైపు తిప్పితే యంత్ర శరీరం రెండవ వైపు తిరగబోతుంది. దానిని ఆపడానికే తోక వద్ద చిన్న రోటరు అవసరమైంది.

75 అశ్వశక్తి ఇంజనుతో తయారైన వీఎస్-300ను 1939 సెప్టెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, తాళ్ళతో నేలకు కట్టి, సికోర్‌స్కీ స్వయంగా పైకి లేపాడు. అప్పటికి ఆయన వయసు 50 సంవత్సరాలు. అదే డిసెంబరులో యంత్రం పల్టీకొట్టి దెబ్బతిన్నది. ఆ తరువాత రోటరు నియంత్రణ పద్ధతిని మార్చి, తోకవద్ద మూడు రోటర్లు అమర్చి ప్రయోగాలు కొనసాగించాడు. 1940 మే 13న తాళ్ళు లేకుండా ఎగిరింది. పక్కకు, వెనక్కు బాగా కదిలినా ముందుకు పోవడంలో మాత్రం చాలాకాలం ఇబ్బంది పెట్టింది. 1941 మే 6న 1 గంట 32 నిమిషాల 26 సెకన్లు గాలిలో నిలిచి జర్మన్ రికార్డును దాటింది. ఆ సంవత్సరాంతానికి అదనపు రోటర్లు తొలగి నేటి రూపం స్థిరపడింది.

థ్రాటిల్, పిచ్‌ల సమన్వయం

హెలికాప్టరు పైకి లేవడానికి ఇంజను వేగం పెంచితే చాలదు. ప్రధాన రోటరు రెక్కల వాలును (పిచ్‌ను) పెంచాలి. వాలు పెరిగితే గాలి నిరోధం పెరిగి రోటరు వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ఎత్తే బలమూ తగ్గుతుంది. కనుక అదే క్షణంలో థ్రాటిల్ తెరిచి ఇంజనుకు ఇంధనం పెంచాలి. శక్తి పెరిగితే శరీరం తిరగబోతుంది కాబట్టి కాళ్ళతో తోక రోటరునూ సర్దాలి. పిచ్ మీటను ఎత్తే చేతితోనే, దాని కొనన ఉన్న పిడిని మోటారు సైకిల్ పిడివలె తిప్పి థ్రాటిల్‌ను నడిపే అమరిక తొలి సికోర్‌స్కీ హెలికాప్టర్లలో ఉండేది. రెంటినీ సరిపోల్చే పని చోదకుడిదే.

రేడియో నియంత్రణ గల బొమ్మ హెలికాప్టర్లలోనూ ఇదే సూత్రం. ఇక్కడ థ్రాటిల్, పిచ్ రెండూ ట్రాన్స్‌మిటర్‌పై ఒకే పుల్లకు కలిపి ఉంటాయి. వాటి నిష్పత్తిని ఎగురవేసేవాడు ముందే నిర్ణయించుకోవాలి. మొదట పుల్ల పై అంచున ఉన్నప్పుడు కార్బురేటరు పూర్తిగా తెరుచుకొనేలా, కింది అంచున ఇంజను ఆగకుండా నెమ్మదిగా తిరిగేలా కడ్డీలను సరిచేస్తారు. ఎక్కడా బిగుసుకోకుండా చూస్తారు. తరువాత పుల్ల మధ్యకు వచ్చేసరికి యంత్రం గాలిలో నిశ్చలంగా నిలిచేలా థ్రాటిల్ రేఖను దిద్దుతారు. రోటరు వేగం పడిపోతుంటే ఆ బిందువు వద్ద థ్రాటిల్ పెంచుతారు, లేదా పిచ్ తగ్గిస్తారు. రోటరు అతివేగంగా తిరుగుతుంటే దీనికి విరుద్ధంగా చేస్తారు. పల్టీల వంటి విన్యాసాలలో పుల్ల కిందికి వచ్చినప్పుడు రెక్కలు వ్యతిరేక దిశలో బలం చూపుతాయి గనుక అక్కడా శక్తి కావాలి. అందుకని ఆ స్థితికి థ్రాటిల్ రేఖను ఆంగ్ల 'వీ' అక్షరం ఆకారంలో అమర్చుతారు. ఇంజను శక్తి లేకుండా దిగడం సాధన చేయడానికి థ్రాటిల్‌ను నిలిపివేసే మీట వేరుగా ఉంటుంది.

రక్షణ కార్యాలలో హెలికాప్టరు

వీఎస్-300 అనుభవంతో రూపొందిన ఆర్-4 హెలికాప్టరు 1942 జనవరి 14న తొలిసారి ఎగిరింది. పెద్ద సంఖ్యలో తయారైన తొలి అమెరికన్ హెలికాప్టరు ఇదే. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవులలో కూలిన ఒక చిన్న విమానపు చోదకుడినీ, ముగ్గురు గాయపడిన సైనికులనూ ఈ రకపు హెలికాప్టరు రక్షించింది. వేడి గాలిలో దాని ఇంజను శక్తి చాలక ఒక్కొక్కరినే తరలించవలసి వచ్చింది. యుద్ధరంగంలో హెలికాప్టరుతో జరిగిన తొలి రక్షణ కార్యంగా దీనిని పేర్కొంటారు. హెలికాప్టరు ప్రాణరక్షణకు ఉపయోగపడటమే సికోర్‌స్కీకి అన్నిటికన్నా తృప్తినిచ్చిన విషయం.

భారతదేశంతో సంబంధం

భారత వైమానిక దళం 1954లో ప్రవేశపెట్టిన తొలి హెలికాప్టరు సికోర్‌స్కీ ఎస్-55. ఐఎన్ఎస్ జలాశ్వ నౌకతోపాటు అమెరికా నుండి కొన్న ఆరు సికోర్‌స్కీ యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు విశాఖపట్నం కేంద్రంగా 2024 జూన్ వరకు నౌకాదళంలో పనిచేశాయి. 2009 అక్టోబరులో కర్నూలు వరదలలో చిక్కుకున్న ప్రజలకు ఆహారం అందించినవీ హెలికాప్టర్లే.

చివరి రోజులు

1924లో సికోర్‌స్కీ ఎలిజబెత్ సెమియన్‌ను వివాహమాడాడు. వారికి నలుగురు కుమారులు. మొదటి వివాహం వలన ఒక కుమార్తె ఉంది. దైవభక్తిపరుడైన సికోర్‌స్కీ మతసంబంధమైన గ్రంథాలు, ఆత్మకథ రచించాడు. 1957లో పదవీ విరమణ చేసినా సలహాదారుగా కొనసాగాడు. 1972 అక్టోబరు 26న కనెక్టికట్‌లోని ఈస్టన్‌లో మరణించాడు. కీవ్ పాలిటెక్నిక్‌కు 2016లోనూ, కీవ్ నగరంలోని ఒక విమానాశ్రయానికి 2018లోనూ ఈయన పేరు పెట్టారు. తాళ్ళతో కట్టి ఎగిరిన నాటి వీఎస్-300 అమెరికాలో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.