శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

మన గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకై యొక మహాపురుషుని జీవితము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయు వంశమున బుట్టి, లెక్కలే వ్రాయుచు, తీరిక దొరకిన వేళల భారత భాగవతములను, మనుచరిత్ర వసుచరిత్రములను నాయంతట నేను చదువుకొన్నవాడను. రాజుల చరిత్రములును కవుల చరిత్రములును వ్రాయుటకు పండితులు పలువురు కలరు. మనవంటి పల్లెవాండ్రకు పుస్తకము చేతికందవలెనని, మన పూర్వుల చరిత్ర మనకు తెలియవలెనని పాటుపడిన యొక మహనీయుని స్మరించుటయే యీ యుత్సవమునకు తగునని తోచి, శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి జీవితమును నాకు తెలిసినంతలో వ్రాయుచున్నాను.

పంతులుగారు 1877వ సంవత్సరమున పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. మునేటి యొడ్డుననున్న యీ గ్రామము నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, తిరుపతమ్మవారి తిరునాళ్లవలన దాని నెఱుగనివారు మనలో లేరు. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. పసితనముననే తండ్రి గతించుటచే, భువనగిరిలో కాపురమున్న అన్న శంకరరావుగారు తమ్ముని చేరదీసి చదువు చెప్పించిరి. అటుపిమ్మట ఆయన చదువు నాగపురమున సాగినది. అక్క బండారు అచ్చమాంబగారును, బావ మాధవరావుగారును అచ్చట నుండిరి. ఆ కాలమున ఆడుపిల్లలను బడికి పంపు వాడుక లేదు. తమ్ముడు చదువు పుస్తకములు చూచి తానును అక్షరములు దిద్దుకొని, తుదకు ఎందఱో స్త్రీల చరిత్రములను వెదకి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిన విదుషీమణి యీ అచ్చమాంబగారే. ఆమె 1905లో చిన్నవయసుననే స్వర్గస్థురాలయ్యెను. తర్వాత తమకు కలిగిన కుమార్తెకు పంతులుగారింట అక్కపేరే పెట్టిరి. ఆ కుమార్తె వైద్యవిద్య నభ్యసించి, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను.

నాగపురవాసము పంతులుగారి జీవితమునకు పునాది యనదగును. అచ్చట ఆయన మరాఠీభాషను మాతృభాషవలె నేర్చి, ఆ భాషలో వ్యాసములు వ్రాయునంతటి వారైరి. సంస్కృతము, ఆంగ్లము, ఉర్దూ మున్నగు భాషలును ఆయనకు స్వాధీనములు. ఎం.ఏ. పట్టమును సంపాదించిరి. మహారాష్ట్ర విద్వాంసులు పాతయిండ్లలోని కాగితపు కట్టలను వెదకి, ఎత్తి వ్రాసి, అచ్చొత్తించి, తమ జాతిచరిత్రను తామే నిలువబెట్టుకొనుచుండుట ఆయన కన్నులార చూచిరి. తెలుగునాట అట్టి పూనిక యప్పటికి అరుదు. మన శాసనములు గుళ్ల గోడలమీద సున్నముక్రింద నిద్రించుచుండెను. మన తాళపత్రములను అటకలమీద చెదలు తినుచుండెను. ఈ తారతమ్యము ఆ యువకుని మనస్సున ముల్లువలె నాటుకొనెను. శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసి ప్రకటించుటతో ఆయన దేశభాషాసేవకు నాంది పలికిరి.

పిదప మునగాల ప్రభువులైన రాజా నాయని వేంకటరంగారావు బహద్దరుగారి కొలువున ప్రవేశించి, క్రమముగా దివానుపదవి నిర్వహించిరి. మునగాల పరగణా నాడు కృష్ణాజిల్లాలోనిదే యైనను నాలుగుదిక్కుల నైజాము సీమచే చుట్టుకొనబడియుండెను. ఈ కారణమున ఆయనకు ఇంగ్లీషువారి యేలుబడిలోని ఆంధ్రుల స్థితియు, నిజాము రాజ్యములోని ఆంధ్రుల స్థితియు సమముగ తెలిసెను. నిజాము రాజ్యమున సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలో జరుగుచుండెను. తెలుగు ఇంటిమాటయే కాని కచేరిమాట కాకపోయెను. ఇట్టి స్థితిలో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావుగారు తమ గృహముననే దానికి చోటిచ్చిరి. మునగాల రాజాగారు అండగా నిలిచిరి. లక్ష్మణరావు పంతులుగారు దానికి ప్రాణమువంటివారైరి. మూడేండ్లకు, 1904లో, హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. కృష్ణదేవరాయ నిలయము హైదరాబాదున సుల్తాన్‌బజారునందు నేటికిని నిలిచియున్నది.

గ్రంథాలయము వెలసినదన్న చాలదు. అందుంచుటకు గ్రంథములు కావలెను కదా! ఆ నాడు తెలుగున అచ్చగుచున్నవానిలో కావ్యములును పురాణములును శతకములును ఎక్కువ. చరిత్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, ఆరోగ్యము, అర్థశాస్త్రము మున్నగు విషయములు తెలుసుకొనగోరిన వాడు ఇంగ్లీషు నేర్వక తప్పదు. నేర్వనివానికి ఆ తలుపు మూసినదే. ఆ తలుపు తెఱచుటకై 1906లో విజ్ఞాన చంద్రికామండలి స్థాపింపబడినది. పంతులుగారితోపాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావుగార్లు ఈ కార్యమున పాల్గొనిరి. మండలి ప్రకటించిన మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. దూరదేశమున కట్టెలుకొట్టుకొని పుస్తకములు ఎరవు తెచ్చుకొని చదివి, దేశాధ్యక్షుడైన పేదవాని కథతో ప్రారంభించుటలోనే మండలివారి యుద్దేశము మనకు తెలియుచున్నది. చందాదారులు ముందుగ పేరు నమోదు చేసికొందురు. పుస్తకము వెలువడిన వెంటనే వారికి తక్కువ వెలకు చేరును. ఈ ఏర్పాటువలన ధనవంతుని దయకై కాచుకొననక్కఱలేక, పాఠకుల యణాలే గ్రంథములకు మూలధనమయ్యెను. మండలి తర్వాత మద్రాసునకు తరలినది.

చరిత్రరచనలో పంతులుగారు తామే ముందు నడచిరి. 1907లో ‘హిందూ మహాయుగము’ను ప్రకటించిరి. ప్రాచీన హిందూదేశ చరిత్రను శాసనములు, నాణెములు, యాత్రికుల వ్రాతలు అను సాక్ష్యములతో పోల్చి చూచి తెలుగున వ్రాసిన తొలి గ్రంథములలో అది యొకటి. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటిభాగము 1910లో ఈ మండలి పక్షముననే వెలువడినది. దానిని చదివిన పిమ్మటనే మనలో పలువురకు శాతవాహనులు, చాళుక్యులు, కాకతీయులు అను పేర్లు కథలలోని రాజులవలె గాక, మన పొలములలో నడచిన రాజులవలె తోచినవి.

పంతులుగారికి శాసనములన్న ప్రాణము. శాసనమును చదువుట యొక తపస్సు. రాతిని నీటితో కడిగి, కుంచెతో రుద్ది, తడికాగితమును దానిపై పఱచి, అక్షరములలోనికి దిగునట్లు కుంచెతో కొట్టి, ఆరిన పిదప మసి అద్దినచో, నల్లనికాగితముపై తెల్లని అక్షరములు పైకి తేలును. అటుపిమ్మట ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనవలెను. ఇచ్చిన దానమేది, ఇచ్చినవాడెవడు, శకవర్షమేది, సరిహద్దు లెట్టివి అని విచారింపవలెను. మనము పొలము గట్టు తగవు తీర్చునప్పుడు పాతలెక్కలను ఎట్లు సరిచూతుమో, చరిత్రకారుడును అట్లే సరిచూడవలెను. కేవలము వినికిడిని నమ్మి వ్రాయరాదని, సాక్ష్యము లేని గొప్పలు జాతికి గౌరవము తేవని పంతులుగారి మార్గము. ఆయన వ్యాసములు ‘లక్ష్మణరాయ వ్యాసావళి’ యను పేర గ్రంథరూపమున కూర్పబడినవి.

ఆయన తలపెట్టిన కార్యములలో మహత్తరమైనది ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’. లోకమునందలి సమస్తవిషయములను అకారాది క్రమమున తెలుగున వివరించు మహాగ్రంథమది. ఇంగ్లీషువారికి ఎన్నో సంపుటములుగా వెలసిన యట్టి గ్రంథమును, సర్కారు సాయమాశింపక, కొద్దిమంది సహాయకులతో మద్రాసున ప్రారంభించిరి. మూడు సంపుటములు వెలువడినవి. అందొకటి ఆంధ్రదేశ విషయములకే ప్రత్యేకింపబడినది. యువకుడైన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఈ కార్యాలయముననే పంతులుగారి యొద్ద చరిత్రపరిశోధన నేర్చిరి. అచ్చుల తొలి యక్షరములు దాటకుండగనే ఆ మహాగ్రంథము నిలిచిపోవుట తెలుగువారి దురదృష్టము.

మద్రాసులోని పంతులుగారి గృహము దేశసేవకులకును పండితులకును విడిదివంటిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన తుదిశ్వాస విడిచినది ఈ గృహమునందే. దివానుపని, మండలిపని, సర్వస్వమునకు కావలసిన వ్రాతపని, శాసనముల పరిష్కారము అను నాలుగు బరువులు ఒక్క దేహముపై మోపి నడచుటచే పంతులుగారి యారోగ్యము సన్నగిల్లెను. 1923వ సంవత్సరము జూలై నెలలో, 46 ఏండ్ల వయసున, ఆ జ్ఞానదీప మాఱిపోయెను.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. ఒక్కడే కూర్చుండి వ్రాసిన పండితుడు పోయిన యెడల ఆయన పని ఆయనతోనే పోవును. పంతులుగారి పని యట్లు పోలేదు. ఏలన, ఆయన ఎక్కడ నడచినను ఒక సంఘమును కట్టుచు నడచెను. హైదరాబాదున ఆంధ్రజనసంఘమువారి పూనికతో వెలసిన పరిశోధకసంఘము, ఆయన మరణానంతరము ‘లక్ష్మణరాయ పరిశోధకమండలి’ యను పేరు దాల్చినది. ఆదిరాజు వీరభద్రరావుగారు మున్నగువారు అందు బహుకాలము శ్రమించిరి. ఆ మండలివారు ఊరూర తిరిగి శాసనములకు ప్రతులు తీసి, చదివి, పరిష్కరించి, ‘తెలంగాణా శాసనములు’ అను పేర మొదటి సంపుటమును 1935లోను, రెండవదానిని 1960లోను ప్రకటించిరి. ఎండకు వానకు రాయి అరిగిపోయినను, ఊరు చెఱువులో మునిగినను, ఆ వాక్యములు గ్రంథములో నిలుచును. దూరప్రయాణము చేయలేని విద్యార్థి గ్రంథాలయపు బల్లయొద్దనే వానిని చదువుకొనును. భద్రపఱచుట, పంచిపెట్టుట అను రెండు ధర్మములును కలిసినపుడే పరిశోధకసంఘమునకు సార్థకత. గోదావరితీరమున రాజమహేంద్రవరమందును 1922లో ఆంధ్రేతిహాస పరిశోధకమండలి స్థాపింపబడి, 1926నుండి త్రైమాసిక పత్రికను నడపినది.

నిలిచిపోయిన విజ్ఞానసర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టి, 1930వ దశాబ్దమున సంస్కరించి మరల ప్రకటించిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినపిదప తెలుగుభాషాసమితివారు విషయవిభాగములతో తెలుగు విజ్ఞానసర్వస్వమును వెలువరింపగా, లక్ష్మణరావుగారి శిష్యుడైన సోమశేఖరశర్మగారు అందును పనిచేసిరి. గాడిచర్లవారు గ్రంథాలయోద్యమమునకు చిరకాలము నాయకులై, పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని తిరిగిరి. ఒకరు ఎత్తిన బరువును మఱియొకరు అందుకొనుట యనగా నిదియే.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనక తీరదు. మా తాతగారి కాలపు కవిలెకట్టలు రెండు మా అటకమీద నుండెడివి. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములు రద్దయిన పిమ్మట, ఇంక ఈ తాటియాకులతో పనియేమని, ఒక పండుగనాడు నీళ్లకాగు క్రింద వానిని వంటచెఱకుగా వేసితిమి. వేసినది నా చేతులే. బాలుడను, తాటియాకులు చిటపటలాడుచుండగా నాకు వేడుకయే కలిగెను. కొన్నియేండ్లకు ఈ గ్రంథాలయముననే యొక పుస్తకము చదువుచు, కల్నల్ మెకంజీ దొరగారు సేకరింపజేసిన కైఫీయతులలో పెక్కు గ్రామకరణముల కవిలెలనుండి ఎత్తి వ్రాసినవే యని తెలుసుకొంటిని. చెఱువెవరు త్రవ్వించిరో, గుడి మాన్యమెంతయో, ఏ కఱవున ఎవరూరు విడిచిరో అట్టివానియందే యుండును. మా కవిలెలో ఏమి యుండెనో ఇక చెప్పగలవారు లేరు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎన్ని లెక్కలు సరిచూచినను, ఆ యొక్క బాకీ నా పద్దున తీరకుండ నిలిచియే యున్నది.

కావున గ్రామసోదరులకును సోదరీమణులకును నా విన్నపము. మీ అటకలమీద తాళపత్రములున్నచో, పాతదస్తావేజులున్నచో, కాల్పకుడు, నీట కలుపకుడు. గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. ఈయనిష్టమైనచో మీయొద్దనే యుంచుకొని, ఎత్తి వ్రాసికొనుటకు సెలవిండు. పొలమున దున్నునపుడు అక్షరములున్న రాయి తగిలినచో, గడపకును బట్టలుతుకుటకును వాడక, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. గుడిగోడలకు సున్నము వేయునపుడు అక్షరములున్న చోటు వదలివేయుడు. ఊరి పెద్దలు చెప్పు పాతసంగతులను ఒక పుస్తకమున వ్రాసి, చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని అందు చేర్చి గ్రంథాలయమున నుంచుడు. ఇదియే మన పల్లెటూరికి తగిన పరిశోధకమండలి.

లక్ష్మణరావు పంతులుగారు కట్టించిన మేడలు లేవు, కూడబెట్టిన ధనములేదు. మన గ్రంథాలయపు బీరువాలో అట్టలు చినిగియున్న చరిత్రపుస్తకములే ఆయన ఆస్తి. వానిని తెఱచి చదువు ప్రతివాడును ఆయన వారసుడు. రజతోత్సవము జరుపుకొను మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును వజ్రోత్సవమును జరుపుకొనుగాక! అప్పటి సంచిక వ్రాయువానికి మన యూరి చరిత్ర వ్రాయుటకు కావలసిన ఆధారములు ఈ గదిలోనే దొరకుగాక!