చార్లెస్ రిషే పండితుని చరిత్రము

టీకా వేయించుకొనిన శరీరము రోగము నెదుర్కొను బలము నార్జించునని మనమెఱుగుదుము. ఒకసారి హాని చేయని పదార్థమే రెండవసారి ప్రాణాంతకము కావచ్చునని లోకమునకు దెలిపినవాడు చార్లెస్ రిషే.

ఈయన 1850 వ సంవత్సరము ఆగస్టు నెలలో పారిస్ నగరమున జన్మించెను. తండ్రి ఆల్‌ఫ్రెడ్ రిషే శస్త్రవైద్యాచార్యుడు. కుమారుడును వైద్యమభ్యసించి, 1887 లో పారిస్ వైద్య కళాశాలయందు శరీరధర్మ శాస్త్రాచార్యుడయ్యెను. కవితలు, నాటకములు రచించెను. విమాన నిర్మాణమునకు దోడ్పడెను. యుద్ధములు మానవలెనని బోధించెను.

1901 లో మొనాకో ప్రభువు మొదటి ఆల్బర్టు ఈయనను, పాల్ పోర్తియే అను శాస్త్రజ్ఞుని తన నౌకలో సముద్రయాత్రకు దీసికొనిపోయెను. నీటిపై దేలియాడు ఫైసేలియా అను జీవి విషమును వారచ్చట పరీక్షించిరి. ఫ్రాన్సుకు మరలివచ్చిన పిమ్మట ఆ జీవికి బదులుగా ఎనిమోను అను సముద్రజీవి నుండి విషము దీసి, ఎంత మోతాదు ప్రాణము దీయునో కనుగొనుటకై కుక్కలకు సూదితో నెక్కించిరి.

వానిలో నెప్ట్యూను అను కుక్క మిక్కిలి బలమైనది. మొదటి స్వల్ప మోతాదు దానికి హాని చేయలేదు. మూడు వారములు దాటిన పిమ్మట, అది సంపూర్ణారోగ్యముతో నుండగా, మరల నంతే ఇచ్చిరి. కొన్ని క్షణములలో నది రొప్పుచు నేలగూలి, నెత్తురు గ్రక్కి, 25 నిమిషములలో మరణించెను. రిషే దీనిని పొరపాటని త్రోసివేయలేదు. మరల మరల పరీక్షించి, 1902 లో పోర్తియేతో గూడి ప్రకటించెను. రక్షణకు విరుద్ధమను నర్థము వచ్చునట్లు గ్రీకు మాటలతో దానికి అనాఫిలాక్సిస్ అని పేరిడెను. ఇందులకే 1913 లో నోబెల్ బహుమానము లభించెను.

ఇంతటివాడును జాతులలో హెచ్చుతగ్గులు గలవని వాదించుట ఆయనయందలి గొప్ప లోపము. 1935 లో ఆయన పారిస్‌లో గతించెను.

ఆయన కనుగొనిన సత్యము నేడును ప్రాణములు గాపాడుచున్నది. రోగనిర్ణయమునకై స్కాను తీయునపుడు రక్తనాళములోని కెక్కించు కాంట్రాస్టు మందు అరుదుగా కొందఱికి ఇట్టి ఉపద్రవమునే కలిగించును. మొదటిసారియే కలుగుటయు గలదు. ఒడలెల్ల దద్దురులు, పెదవుల వాపు, ఊపిరి యాడకుండుట, రక్తపుపోటు పడిపోవుట దీని లక్షణములు. అప్పుడు తొడకండరములోనికి వెంటనే ఇచ్చు అడ్రినలిన్ సూదిమందే ప్రధాన చికిత్స.

బాలబాలికలారా! మీకుగాని మీ యింటివారికిగాని ఏ మందైనను పడకపోయినచో, దాని పేరు వ్రాసి యుంచుకొనుడు. పరీక్షకు ముందే వైద్యునకు దెలుపుడు. చిన్న సంగతియని మఱచిన మాటయే యొకనాడు ప్రాణము మీదికి వచ్చును.