అలెగ్జాండరు ఫ్లెమింగు

స్కాట్లండు దేశమున డార్వెలను ఊరికి చేరువగా లాక్‌ఫీల్డు అను వ్యవసాయక్షేత్రము కలదు. అచ్చట 1881వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఒక రైతు కుటుంబమున అలెగ్జాండరు ఫ్లెమింగు జన్మించెను. అతనికి ఏడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. కొండలయందును వాగులవెంబడిని తిరుగుచు పెరిగిన ఆ బాలునకు ప్రకృతి పరిశీలనమే తొలి విద్య అయ్యెను. పదునాలుగేండ్లు నిండకమునుపే అతడు లండను చేరి, కొంత చదువుకొని, పిదప ఓడల వ్యాపారసంస్థలో నాలుగేండ్లు గుమాస్తాగా పనిచేసెను. బంధువొకరు విడిచిన ఆస్తిలో కొంత భాగము లభింపగా, 1901లో సెయింటు మేరీ ఆసుపత్రి వైద్యకళాశాలలో ప్రవేశించెను. 1906లో పట్టభద్రుడై, అచ్చటనే ఆల్‌మ్రోత్ రైటు అను పండితునికడ సూక్ష్మజీవుల పరిశోధన కుపక్రమించెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్లెమింగు ఫ్రాన్సులోని బులోను పట్టణమున క్షతగాత్రులకు సేవచేసెను. గుండ్లదెబ్బలకు చావని సైనికులు సైతము గాయములు చీముపట్టి మరణించుచుండిరి. వైద్యులు వాడు ఘాటైన మందులు లోతైన గాయములలోని సూక్ష్మజీవులను చేరజాలకున్నవనియు, పైగా శరీరమును కాపాడు తెల్లరక్తకణములను చంపుచున్నవనియు అతడు నిరూపించెను. దేహమునకు హాని చేయక రోగక్రిములను మాత్రమే నశింపజేయు పదార్థమును కనుగొనుటయే నాటినుండి అతని లక్ష్యమయ్యెను.

1921లో అతనికి జలుబు చేసెను. తన ముక్కునుండి కారిన ద్రవమును సూక్ష్మజీవులు పెరుగుచున్న గాజుపళ్లెరమున వేసి చూడగా, దాని చుట్టునున్న జీవులు కరిగిపోయెను. అంతట కన్నీరు, లాలాజలము మున్నగువానిని కూడ పరీక్షించెను. కన్నీటికై సహచరుల కన్నులలో నిమ్మతొక్క రసము పిండుటయు కలదు! కోడిగ్రుడ్డు తెల్లసొనలో ఆ పదార్థము మిక్కుటముగా నుండెను. దానికి లైసోజైమని పేరిడిరి. ఆ సంవత్సరము డిసెంబరులో వైద్యుల సభలో ఈ విషయము వివరింపగా ఒక్కరును ప్రశ్నింపరైరి. దారుణ రోగములు కలిగించు క్రిములలో పెక్కింటిపై అది అంతగా పనిచేయకుండుటచే లోకము దానిని లెక్కింపలేదు.

ఇటుకలను సున్నము పట్టియుంచునట్లు, సూక్ష్మజీవి చుట్టునున్న గోడలో చక్కెరజాతి అణువులు గొలుసులుగా కూర్పబడి యుండును. లైసోజైము ఆ గొలుసులను త్రెంచును. గోడ కూలగానే లోపలి ఒత్తిడిచే జీవి పగిలిపోవును. కోడిపెట్ట తన పిల్లకు తెల్లసొన రూపమున ఈ రక్షణ నొసగుచున్నది.

1928 సెప్టెంబరులో సెలవులు గడపి వచ్చిన ఫ్లెమింగు, ఒక పళ్లెరమున బూజు పట్టిన చోట క్రిములు నశించుటను గమనించెను. అదియే పెనిసిలిన్! లైసోజైము కట్టిన గోడను కూల్చును. పెనిసిలిన్ క్రొత్త గోడను కట్టనీయదు. దానిని శుద్ధిచేయుట అతనికి సాధ్యము కాలేదు. లైసోజైమును పరిశోధించుచుండిన ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఫ్లోరీ, చెయిను అను వారలు ఆ కార్యమును నెరవేర్చిరి. లక్షలాది ప్రాణములు నిలిచెను. 1945లో ఆ మువ్వురకు నోబెలు బహుమానము లభించెను. 1955 మార్చి 11వ తేదీన ఫ్లెమింగు పరమపదించెను.

ఒకనాడు లెక్కకురాని ఆ తొలి పరిశోధన నేడు కోళ్లశాలలకును చేరినది. కోళ్ల ప్రేవులలో చచ్చిన సూక్ష్మజీవుల గోడల తునకలు పేరుకొనును. వానిని విడగొట్టి, మేత చక్కగా వంటబట్టుటకై లైసోజైము వర్గమునకు చెందిన మురామిడేసును మేతలో కలుపుచున్నారు. అల్పమని తోచినదానిని సైతము శ్రద్ధతో పరికించువానికే ప్రకృతి తన రహస్యములను తెలుపును.