సగం రోజు పని, పూర్తి జీతం

1929 డిసెంబరు. ఆర్థిక మాంద్యం దెబ్బకి ఒసాకాలోని ఓ ఎలక్ట్రికల్ కంపెనీ గోడౌన్లు అమ్ముడుపోని సరుకుతో నిండిపోయాయి. యజమాని కొనొసుకె మత్సుషిత జబ్బుపడి మంచంమీద ఉన్నారు. ఇద్దరు సీనియర్లు ఆయన దగ్గరికొచ్చి, సగంమందిని తీసేయక తప్పదన్నారు.

పని విలువ ఆయనకి బాగా తెలుసు. 1894లో పుట్టారు. తండ్రి బియ్యం స్పెక్యులేషన్‌లో ఆస్తంతా పోగొట్టడంతో తొమ్మిదేళ్లకే బడి మానేసి ఒసాకాలో కుంపట్లమ్మే దుకాణంలో, తర్వాత సైకిల్ షాపులో పనికి కుదిరారు. 1918లో భార్య ముమెనో, బావమరిదితో కలిసి చిన్న వర్క్‌షాప్ పెట్టారు. (ఆ బావమరిదే తర్వాత సాన్యో స్థాపించారు.) ప్లగ్గులు, సాకెట్లు, సైకిల్ లైట్లు చేసిన ఆ వర్క్‌షాపే నేటి పానసోనిక్.

సీనియర్లకి ఆయన చెప్పిన జవాబు నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఉత్పత్తి ఇవాళ్టి నుంచే సగానికి తగ్గించాలి. ఫ్యాక్టరీలో సగం రోజే పని. ఎవర్నీ తీసేయొద్దు, జీతంలో పైసా కోయొద్దు. బదులుగా సెలవులు మానుకుని అందరూ సరుకు అమ్మాలి. ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు, రేపు పొద్దున నేనేం చెయ్యాలి? ఈ మూడూ ప్రతి కార్మికుడికీ అర్థమయ్యాయి. దాదాపు రెండు నెలల్లో గోడౌన్లు ఖాళీ!

ఆఫర్ లెటర్ పట్టుకుని, జాయినింగ్ ఎప్పుడో తెలియక నెలల తరబడి మెయిల్ రిఫ్రెష్ చేసిన బ్యాచ్ మాది. వాయిదా కంటే ఆ మౌనమే ఎక్కువ బాధపెట్టింది. అందుకే ఈ కథ నాకు అంతగా నచ్చుతుంది.

1932 మే 5న 168 మంది సిబ్బందిని కూర్చోబెట్టి కంపెనీ ఎందుకుందో చెప్పారు. దారినపోయేవాడు కుళాయి నీళ్లు తాగితే ఎవరూ తిట్టరు, అవి అంత సమృద్ధిగా, అంత చవగ్గా దొరుకుతాయి కాబట్టి. మన వస్తువులూ అలా అందరికీ అందాలన్నారు. అందుకు 250 ఏళ్ల ప్లాన్ కూడా వేశారు! 1989లో, 94 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసేనాటికి అందులో గడిచింది 57 ఏళ్లే.

అన్నిసార్లూ ఆయనదే సరైన మాట అనుకోకండి. 1964 జులైలో అమ్మకాలు పడిపోయి, డీలర్ సంస్థల అధిపతుల్ని అతామి అనే ఊరికి పిలిపించారు. చాలామంది నష్టాల్లో ఉన్నారు. ఒక్కొక్కరూ లేచి కంపెనీని దులిపేశారు. మత్సుషిత కూడా ఊరుకోలేదు, తప్పు మీదేనని గట్టిగానే వాదించారు. రెండు రోజులూ వేడి తగ్గలేదు. మూడో రోజు ఆయన స్వరం మారింది. తప్పు తమ కంపెనీదేనని ఒప్పుకుని, వేదికమీదే కంటతడి పెట్టుకుంటూ క్షమాపణ చెప్పారు.

మాటతో ఆపలేదు. అప్పటికి ఆయన వయసు 69, రోజువారీ బాధ్యతల్లేని ఛైర్మన్. అయినా సేల్స్ విభాగం పగ్గాలు తానే పట్టుకుని, అమ్మకాల పద్ధతి మొత్తం మార్చే పనిలో కూర్చున్నారు.