తాళాల పనివాని కొడుకు ఓమ్

సైన్సు విద్యార్థుల నోట రోజుకు పదిసార్లు పలికే పేరు ఓమ్. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన కూడా ఒకసారి తప్పు సూత్రం రాసి అచ్చు వేయించాడనీ మనలో చాలామందికి తెలియదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి చదువు లేకున్నా సొంతంగా గణితం నేర్చుకొని కొడుకులకు తానే చెప్పాడు. ఓమ్‌కు పదేళ్లప్పుడే తల్లి పోయింది. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన కొడుకు నాట్యాలు, బిలియర్డ్స్ ఆటలలో పడితే తండ్రికి కోపం వచ్చి చదువు మాన్పించాడు. ఇటువంటి కోపం మన బాపులకూ కొత్త కాదు! ఓమ్ స్విట్జర్లాండ్‌లో లెక్కలు చెప్పుకుంటూ, తనంతట తాను చదువుకొని, తిరిగివచ్చి 1811లో డాక్టరేటు పొందాడు. 1817లో కొలోన్ నగరంలో హైస్కూలు ఉపాధ్యాయుడైనాడు. తండ్రి దగ్గర నేర్చిన చేతిపనితో తన పరికరాలు తానే చేసుకున్నాడు.

తీగ పొడవు పెరిగితే విద్యుత్ప్రవాహం ఎంత తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. 1825లో ప్రకటించిన మొదటి సూత్రం సరైనది కాదు. ఆనాటి ఘటాలలో విద్యుత్తు నిలకడగా ఉండేది కాదు. ఓమ్ ఆ తప్పును దాచుకోలేదు. ఘటాన్ని పక్కన పెట్టి, బిస్మత్, రాగి కలిపిన ఉష్ణయుగ్మం తీసుకున్నాడు. ఒక అతుకును మరిగే నీటిలో, రెండో అతుకును మంచులో ఉంచాడు. దానితో నిలకడ వచ్చింది. ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలను, 2 అంగుళాల నుండి 130 అంగుళాల దాకా, ఒకదాని తరువాత ఒకటి కలిపి కొలిచాడు. 1826లో అసలు సూత్రం దొరికింది. తీగ నిరోధానికి, వలయంలోని మిగతా భాగాల నిరోధాన్ని కూడా కలిపితేనే లెక్క కుదురుతుంది. కంటికి కనిపించని ఆ రెండో నిరోధం ఎప్పుడూ శ్రేణిలోనే ఉంటుంది.

ఈ సంగతి నాకు మన ల్యాబులోనే అనుభవానికి వచ్చింది. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు. వాటికి శ్రేణిలో 4 ఓమ్‌లు కలిపితే 6. బ్యాటరీ 6 వోల్టులు కనుక 1 ఆంపియరు రావాలి. నా అమ్మీటరు 0.75 దగ్గరే ఆగింది. పక్కవాళ్లకు 1 వచ్చిందని విని, రికార్డులో 1 వేసేద్దామని పెన్ను తీసిన. అప్పుడు ఓమ్ గుర్తొచ్చిండు. 0.75 రావాలంటే మొత్తం నిరోధం 8 ఉండాలి. అంటే పాతబడ్డ బ్యాటరీ లోపలే 2 ఓమ్‌లు దాగి ఉండాలి. అది నిజమో కాదో చూద్దామని సమాంతర జంటను తీసేసి 4 ఓమ్‌లు మాత్రమే ఉంచిన. ఇప్పుడు 6ను 6తో భాగిస్తే 1 రావాలి. ముల్లు 1 దగ్గర నిలబడ్డది! రికార్డులో 0.75 అనే రాసిన.

మా బాయికాడ మోటరు వేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది. బల్బు నాసిరకమని బాపు అంటడు. మోటరు, బల్బు సమాంతరమే. కానీ ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చే పొడుగు తీగ రెండింటికీ శ్రేణిలో ఉంది. మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆ తీగలోనే వోల్టులు పోతాయి. తప్పు బల్బుది కాదు.

1827లో ఓమ్ తన పుస్తకం ప్రకటించాడు. ఆశించిన విశ్వవిద్యాలయ ఉద్యోగం రాలేదు. కొలోన్ ఉద్యోగం వదిలి, బెర్లిన్‌లో వారానికి కొన్ని గంటలు పాఠాలు చెప్పుకొని బతికాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. 1845లో 21 ఏళ్ల విద్యార్థి కిర్కాఫ్, శ్రేణి సమాంతరాలుగా విడదీయలేని చిక్కు వలయాలకు కూడా నియమాలు చెప్పాడు. ఓమ్ కోరుకున్న ఆచార్య పదవి 1852లో మ్యూనిక్‌లో వచ్చింది. రెండేళ్లకే, 1854 జూలై 6న కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధం ప్రమాణానికి ఆయన పేరే ఖాయం చేసింది.

మిత్రులారా! మన రికార్డులలో అంకెలు అందంగా ఉండనక్కరలేదు, నిజంగా ఉంటే చాలు. లెక్కకు అందని రీడింగు వచ్చినప్పుడు దాన్ని కొట్టివేసే ముందు, లోపల దాగిన నిరోధం ఎక్కడుందో వెతుకుదాం. తాళాల పనివాని కొడుకు చేసింది అదే. రైతుబిడ్డలమైన మనమూ చేయగలం.