ఎఫ్.ఏ. తప్పిన రామానుజన్



పదో తరగతి పిల్లల ఫేర్‌వెల్ రోజున మీలో చాలామంది నన్ను ఒక మాట అడుగుతారు. ఇక్కడ ఇంత బాగా చదివినవాడు కాలేజీకి వెళ్లాక కూడా ఇలాగే చదువుతాడా అని. గ్యారంటీగా చెప్పగల జవాబు నా దగ్గర లేదు. కానీ మనందరికీ తెలిసిన ఒకాయన కథ ఉంది. ఏటా డిసెంబరు 22న మ్యాథ్స్ డే నాడు మన పిల్లలు ఆయన ఫొటోకు దండ వేస్తారు, 1729 గురించి స్పీచ్ చెప్తారు. ఆయన కాలేజీలో చేరాక ఏం జరిగిందో మాత్రం ఎవరూ స్పీచ్‌లో చెప్పరు. ఈ నెల మీకు ఆ సంగతే చెప్తాను.

శ్రీనివాస రామానుజన్ 1887లో ఈరోడ్‌లో పుట్టారు, కుంభకోణంలో పెరిగారు. నాన్నగారు బట్టల కొట్లో గుమాస్తా. జీతం నెలకు 20 రూపాయలు. చాలదు కాబట్టి అమ్మ కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు, కాలేజీ కుర్రాళ్లకు ఇంట్లోనే బస, భోజనం పెట్టేవారు. ఆ కుర్రాళ్ల లెక్కల పుస్తకాలు పట్టుకుని పిల్లవాడు వాళ్ల కంటే ముందుకు వెళ్లిపోయాడు. 1897లో ప్రైమరీ పరీక్షలో తంజావూరు జిల్లాకే ఫస్ట్.

1903లో ఆయన చేతికి కార్ అనే ఇంగ్లిషాయన రాసిన పుస్తకం వచ్చింది. ఈ కార్ గారు కేంబ్రిడ్జి పరీక్షలకు కోచింగ్ ఇచ్చే మనిషి. అంటే మన భాషలో అది గైడు! సుమారు 5000 ఫలితాలు వరసగా ఉంటాయి, నిరూపణలు దాదాపు ఉండవు. మామూలు స్టూడెంట్ అయితే బట్టీ పట్టేవాడు. రామానుజన్ ఒక్కొక్కటీ ఎలా వచ్చిందో తనే తేల్చుకుంటూ పోయాడు. కాగితం ఖరీదు కాబట్టి పలక మీద చేయడం, మోచేత్తో చెరిపేయడం, చివరి ఫలితం మాత్రం నోట్‌బుక్కులో ఎక్కించడం. ఒక పుస్తకాన్ని ఇంతకంటే బాగా చదవడం నాకు తెలియదు. చిక్కు కూడా అక్కడే మొదలైంది.

1904లో కుంభకోణం గవర్నమెంట్ కాలేజీలో ఎఫ్.ఏ.లో చేరాడు. మద్రాసు యూనివర్సిటీ వారి ఎఫ్.ఏ. అంటే ఇప్పటి ఇంటర్ లాంటి రెండేళ్ల చదువు. చేరేటప్పుడే స్కాలర్‌షిప్ వచ్చింది. అది మామూలుగా లెక్కల్లోనూ ఇంగ్లిషు వ్యాసరచనలోనూ బాగా చేసినవాళ్లకు ఇచ్చేది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఏడాది తిరిగేసరికి ఆయన తప్పింది ఆ ఇంగ్లిషు వ్యాసరచనలోనే. ఇంగ్లిషు టీచర్ని కాబట్టి ఈ విషయం చదివినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. రాక తప్పలేదు, పట్టించుకోక తప్పాడు. క్లాసులో రోమన్ చరిత్ర జరుగుతున్నా, శరీరశాస్త్రం జరుగుతున్నా ఆయన ముందు లెక్కలే ఉండేవి. స్కూల్లో అన్నీ చదివిన పిల్లవాడికి కాలేజీలో అడిగేవాళ్లు లేరు.

మన పిల్లల విషయంలోనూ నేను చూస్తున్నది ఇదే. ఇష్టమైన సబ్జెక్టు గురించి ఇంట్లో గంటలు మాట్లాడతారు, మనం మురిసిపోతాం. ఏ సబ్జెక్టు పేరు నెల రోజులుగా వాళ్ల నోట రాలేదో మనం లెక్కపెట్టం. బీఈడీలో నేనూ ఒక పేపర్ని ఇలాగే పక్కన పెట్టి పరీక్షకు నాలుగు రోజుల ముందు ఏడ్చాను. పాసయ్యాను గానీ, ఎలా పాసయ్యానో నాకే తెలుసు.

రామానుజన్‌కు స్కాలర్‌షిప్ పోయింది. టర్ముకు ఫీజు 32 రూపాయలు, అంటే నాన్నగారి నెలన్నర జీతం కంటే ఎక్కువే. 1905 ఆగస్టులో, పదిహేడేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. పిల్లవాడు కనిపించడం లేదని సెప్టెంబరు 2న 'ది హిందూ'లో ప్రకటన వచ్చింది. ఫోన్లు లేని రోజుల్లో ఆ తల్లి ఆ కొన్ని వారాలు ఎలా గడిపి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రిజల్ట్స్ రోజు పిల్లవాడి ఫోన్ ఒక్క గంట స్విచాఫ్ అయితే మన గుండెలు ఆగిపోతాయి.

తిరిగి వచ్చాడు. ఇంట్లోవాళ్లు మళ్లీ కాలేజీకి పంపారు. కానీ ఆ నాగాలతో అటెండెన్స్ చాలక టర్మ్ సర్టిఫికెట్ రాలేదు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు, జబ్బు చేసి ఇంటికి వచ్చేశాడు. 1907 డిసెంబరులో ప్రైవేటుగా ఎఫ్.ఏ. రాసి మళ్లీ తప్పాడు. ఆ పరీక్ష ఆయన ఇక ఎప్పటికీ పాసవలేదు.

ఇక్కడ మనం సాధారణంగా ఒక మాట అనేసి ముందుకు వెళ్లిపోతాం: మార్కులదేముంది, ఆయన మేధావి కాలేదా అని. నాకు ఆ మాట నచ్చదు. ఎఫ్.ఏ. తప్పడంతో పోయింది ఒక్క సర్టిఫికెట్టే కాదు. కాలేజీ లైబ్రరీ పోయింది, కొత్త గణితం ఏం వస్తోందో చెప్పే గురువులు పోయారు. పద్దెనిమిదో ఏట నుంచి దాదాపు ఐదేళ్లు ఒంటరిగా, ఒక్కోసారి సరైన తిండి కూడా లేకుండా లెక్కలు చేశారు. ఇండియాలో ఉండగా ఆయన చేసిన గొప్ప పనిలో మూడింట రెండు వంతులు యూరప్‌లో అంతకుముందే ఎవరో చేసినవేనని తర్వాత హార్డీ అంచనా వేశారు. రామానుజన్ చిన్న వయసులో పోవడం కంటే ఆ ఐదేళ్లు దారి తప్పడమే అసలు విషాదమని కూడా హార్డీ అభిప్రాయం. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను, 32 ఏళ్లు ఏం వయసు? కానీ ఆ ఐదేళ్ల లెక్క మాత్రం నిజం.

ఆదుకున్నవాళ్లలో ఒకరు మన నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారు. స్వయంగా గణితం ఇష్టపడే మనిషి. 1910 చివర్లో మాసిన గడ్డంతో, చంకలో నలిగిన నోట్‌బుక్కుతో రామానుజన్ ఆయన దగ్గరికి వెళ్లారు. అడిగింది ఉద్యోగం కాదు, పేరు కాదు. తిండికి వెతుక్కోకుండా లెక్కలు చేసుకునేంత తీరిక. ఇలాంటివాడు నెల్లూరులో మగ్గిపోకూడదని కలెక్టర్ గారు ఆయన్ని మద్రాసు పంపి, కొంతకాలం ఖర్చులకు డబ్బు తనే ఇచ్చారు. (నెల్లూరు పేరెంట్స్ నన్ను క్షమించాలి, ఆ మాట కలెక్టర్ గారిది.)

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1912లో పోర్ట్ ట్రస్ట్‌లో 30 రూపాయల గుమాస్తా. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం. అదే ఏడాది మద్రాసు యూనివర్సిటీ, డిగ్రీ లేని ఈ మనిషికి నెలకు 75 రూపాయల రీసెర్చ్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. షరతు ఒక్కటే: మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. 1914లో కేంబ్రిడ్జి. అక్కడ హార్డీ, లిటిల్‌వుడ్ ఆయనకు నిరూపణ రాయడం ఓపికగా నేర్పారు, ఉన్న ఉత్సాహం చెడకుండా. 1916లో రీసెర్చ్ మీద బీఏ డిగ్రీ వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ఆయన తిరిగి వస్తున్నారని, ఒకప్పుడు ఎఫ్.ఏ.లో తప్పించిన ఆ యూనివర్సిటీయే ఏడాదికి 250 పౌండ్ల చొప్పున ఐదేళ్లకు గ్రాంటు మంజూరు చేసింది. 1919లో జబ్బుతో వచ్చారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. ఐదేళ్లలో ఒక్క ఏడాదే గడిచింది.

ఆ చివరి ఏడాది మంచం మీద రాసిన కాగితాలు 1976లో ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో జార్జ్ ఆండ్రూస్ అనే గణితవేత్త కంటబడ్డాయి. వంద పేజీలకు పైనే. కుంభకోణంలో పలక మీద చేసి చెరిపేసిన రోజుల్లోలాగే, వాటిలోనూ దాదాపు అన్నీ ఫలితాలే. నిరూపణలు లేవు.