ఎర్నెస్టు రెనాను చరిత్రము: ఈస్టరు పండుగయు సత్యాన్వేషణమును

క్రైస్తవుల పండుగలలో ఈస్టరు ముఖ్యమైనది. క్రిస్మసు యేసుయొక్క జననమును స్మరింపఁజేయును. ఈస్టరన్ననో ఆ మతమునకు ప్రాణమే. శుక్రవారమున సిలువమీఁద మృతినొందిన యేసు మూఁడవదినమున సమాధినుండి లేచెనని నమ్మువాఁడు క్రైస్తవుఁడనియు, నమ్మనివాఁడు యేసును ఎంత గౌరవించినను క్రైస్తవుఁడు కాఁడనియు ఆ మతపెద్దలు చిరకాలము బోధించిరి. ఆ పునరుత్థానము నిజము కానిచో తన బోధయంతయు వ్యర్థమేయని పౌలు సైతము అంగీకరించెను. ఇట్టి మూలస్తంభము పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమునందలి విద్యావంతుల మనస్సులలో కదలఁజొచ్చెను. దానిని కదల్చినవారిలో ఫ్రాన్సుదేశస్థుఁడగు ఎర్నెస్టు రెనాను ప్రసిద్ధుఁడు. అతఁడు మతద్వేషి కాఁడు. పురోహితుఁడు కావలెనని పెంపఁబడినవాఁడు. విశ్వాసమును విడుచుట యొక మనుష్యునకు ఎంత వ్యయమగునో తెలిసికొనఁగోరువారు అతని చరిత్రమును చదువవలసినదే.

రెనాను 1823వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీని బ్రిటనీసీమలోని త్రెగ్యేయను చిన్నపట్టణమున జన్మించెను. ఆ పట్టణమునకు నడుమ ప్రాచీనమైన పెద్దదేవాలయము గలదు. దాని గోపురచ్ఛాయలోనే అతని బాల్యము గడచెను. తండ్రి ఓడ నడపుకొని జీవించువాఁడు. 1828వ సంవత్సరమున అతఁడు సముద్రమున మృతినొందఁగా కుటుంబమునకు అప్పులు మాత్రమే మిగిలెను. అప్పుడు రెనాను అయిదేండ్ల బాలుఁడు. అతనికంటె పండ్రెండేండ్లు పెద్దదియగు అక్క హెన్రియెట్ ఆ భారమును తనపై వైచికొనెను. ఆమె ఉపాధ్యాయినిగాఁ బనిచేసి, పిమ్మట దూరదేశమగు పోలండునకుఁ బోయి, యొక ప్రభువునింట బిడ్డలకుఁ జదువు చెప్పుచు, ఆర్జించినదానిలో తనకై స్వల్పముంచుకొని తండ్రిచేసిన ఋణములను దీర్చెను. తన వివాహమును, తన సుఖమును తలపెట్టక తమ్ముని యభివృద్ధికే జీవితమును ధారవోసిన యీ సాధ్వి లేకున్నచో రెనాను పేరు లోకమునకుఁ దెలియకయే యుండెడిది.

త్రెగ్యేలోని పాఠశాలయందు బహుమానములన్నియు గడించిన యా బాలునకు 1838వ సంవత్సరమున పారిసునగరమందలి యొక మతపాఠశాలలో ఉచితముగాఁ జదువుకొనుట కవకాశము లభించెను. దాని యధ్యక్షుఁడు దుపాన్లూ యను ప్రసిద్ధ మతాచార్యుఁడు. అటుపిమ్మట రెనాను పురోహితవిద్యకై సాన్ సుల్పీసు మఠమునఁ బ్రవేశించెను. అచ్చటి గురువులు పండితులు, నిర్మలులు. వారినిగూర్చి అతఁడు తన జీవితమంతయు కృతజ్ఞతతోనే తలంచెను. కావున అతని సందేహములు గురువుల దుర్నడతవలనఁ గలిగినవి కావు. వారు నేర్పిన హీబ్రూభాషవలననే కలిగినవి.

మూలభాషలో గ్రంథములను జదువఁగా అతనికిఁ గొన్నివిషయములు స్పష్టములయ్యెను. యెషయా పేరుగల గ్రంథముయొక్క యుత్తరభాగము పూర్వభాగమును రచించినవాఁడు రచించినది కాదనియు, మోషే వ్రాసెనని చెప్పెడు పంచకాండములు ఒక్కచేతితో వ్రాయఁబడినవి కావనియు, దానియేలు గ్రంథము తాను చెప్పుకొను కాలమునకుఁ జాలకాలము తరువాతిదనియు భాషాశైలియే సాక్ష్యమిచ్చెను. కతోలికమతము తన గ్రంథములలో దోషము లేశమైనను లేదని శాసించియుండెను. అట్టిచోట ఒక్కదోషము కనఁబడినను కట్టడమంతయు సందేహాస్పదమగును. తత్త్వశాస్త్రవాదములు అతనిని కదలింపలేదు, వ్యాకరణము కదలించెను.

ఇఁకఁ జేయవలసినదేమి? సందేహములను మనస్సులో దాఁచికొని పురోహితవస్త్రమును ధరించినచో జీవనము, గౌరవము, తల్లి సంతోషము నిలుచును. ఆతల్లికి కుమారుఁడు గురుపీఠమెక్కుట తప్ప వేఱుకోరిక లేదు. అట్లు చేసినవారు అన్నిదేశములలోను, అన్నిమతములలోను గలరు. మనలోను శాస్త్రమును నమ్మక శ్రాద్ధమును బెట్టువారు, జాతిభేదమును నిరసించుచు పంక్తిభేదమును పాటించువారు లేకపోలేదు. రెనాను అట్లు చేయఁజాలఁడయ్యెను. 1845వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని అతఁడు మఠమును విడిచెను. తమ్ముఁడు పరాధీనుఁడు కాకుండ నిజమార్గమును వెదకికొనుటకై హెన్రియెట్ తాను కూడఁబెట్టిన 1200 ఫ్రాంకులను బంపెను. తల్లి దుఃఖించెను. ఆమె దుఃఖమే తనకు మిక్కిలి కష్టమైనదిగా రెనాను భావించెను. అయినను సత్యము విషయమున బొంకలేదు. కాలక్రమమున ఆ తల్లి పారిసునకు వచ్చి కుమారునియొద్దనే నివసించి 1868వ సంవత్సరమున మృతినొందెను.

మఠము వెలుపలికి వచ్చిన రెనాను బీదవిద్యార్థిగా ఒక వసతిపాఠశాలలో బోధించుచు బెర్తెలో యను రసాయనశాస్త్రజ్ఞునితో ఆజన్మమైత్రి సంపాదించెను. సంస్కృతపండితుఁడగు బుర్నూఫుయొక్క యుపన్యాసములను వినెను. సెమిటికుభాషలనుగూర్చి వ్రాసి 1847లో బహుమానమందెను. 1852లో అరబ్బుతత్త్వవేత్తయగు ఇబ్న్ రుష్దునిగూర్చి గ్రంథమును బ్రకటించెను. 1856లో చిత్రకారుఁడగు ఆరీ షెఫ్ఫరుయొక్క సోదరుని కుమార్తెను వివాహమాడెను. 1860లో ప్రభుత్వమువారు ప్రాచీన ఫినీషియాలోని శిథిలములను బరిశోధించుటకై అతనిని సిరియాకుఁ బంపిరి. హెన్రియెట్ కూడ వెంటవెళ్లెను. పరిశోధనముతోఁబాటు అతఁడు యేసు నడచిన గలిలయను, యెరూషలేమును జూచి, లెబనానుకొండలలోని ఘజీరు గ్రామమున యేసుచరిత్రమును వ్రాయఁదొడఁగెను. అతఁడు వ్రాసిన పుటలను అక్క వెంటవెంటనే ప్రతివ్రాయుచుండెను. అంతలో ఇరువురకును అమ్షీత్ గ్రామమున విషజ్వరము సోఁకెను. 1861వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీని హెన్రియెట్ మృతినొందెను. అప్పుడు తమ్ముఁడు పక్కగదిలో స్మృతిలేక పడియుండి ఆమె కడపటిచూపునకైనను నోచుకొనలేదు. ఆమె నాగ్రామముననే సమాధిచేసిరి.

పారిసునకు మరలివచ్చిన రెనాను 1862వ సంవత్సరము ఫిబ్రవరినెలలో కొలేజు ద ఫ్రాన్సు అను మహావిద్యాలయమున హీబ్రూభాషాచార్యపీఠమునందుఁ బ్రథమోపన్యాసమిచ్చెను. యేసు సాటిలేని మనుష్యుఁడని అతఁడు చెప్పెను. శ్లాఘనముగాఁ జెప్పిన యామాటలో మనుష్యుఁడను పదమే మతపెద్దలకు శూలమయ్యెను. కొన్నిదినములకే మూఁడవ నెపోలియను ప్రభుత్వము ఉపన్యాసములను నిలిపివేసెను. 1863 జూనునెలలో యేసుచరిత్రము హెన్రియెట్ యాత్మ కంకితమై వెలువడెను. కొలఁదిమాసములలోనే వేలకొలఁది ప్రతులు అమ్ముడుపోయెను, అనేకభాషలలోని కనువదింపఁబడెను. రోమునగరమునందు అది నిషిద్ధగ్రంథములలోఁ జేర్పఁబడెను. 1864లో ఆచార్యపదవి పూర్తిగాఁ దీసివేయఁబడఁగా, బదులుగాఁ బ్రభుత్వగ్రంథాలయమున నుద్యోగమిత్తుమనిరి. రెనాను దానిని నిరాకరించెను.

యేసుచరిత్రము సమాధితోనే ముగియును. ఆదివారము ప్రాతఃకాలమున నేమి జరిగెనను ప్రశ్నను అతఁడు 1866లో ప్రకటించిన అపొస్తలుల చరిత్రమునందు విచారించెను. నాలుగు సువార్తలు ఈ విషయమున నేకీభవింపవు. మార్కు మువ్వురు స్త్రీలు సమాధికిఁ బోయిరనును, మత్తయి యిద్దఱనును, యోహాను మగ్దలేనే మరియనొక్కతెనే పేర్కొనును. మత్తయి ప్రకారము శిష్యులు యేసును గలిలయలోఁ జూచిరి. లూకా ప్రకారము యెరూషలేములోను, దాని సమీపమునందును జూచిరి. మార్కు సువార్తయొక్క ప్రాచీనతమములైన వ్రాఁతప్రతులు స్త్రీలు భయపడి పరుగెత్తుటతోనే ముగియును. వీనియన్నిఁటికంటె ముందుగా వ్రాయఁబడిన పౌలు లేఖలో స్త్రీల ప్రస్తావమే లేదు; యేసు కేఫాకును, పన్నిద్దఱకును, అయిదువందలమందికిని, తుదకుఁ దనకును గనఁబడెనని యతఁడు చెప్పెను.

సాక్షులు స్వల్పవిషయములలో భేదించుటవలన సాక్ష్యము కొట్టువడదని న్యాయస్థానముల నెఱిఁగినవారందఱకుఁ దెలియును. అక్షరమక్షరము కలియు సాక్ష్యమే యెక్కువ శంకనీయము. కాని ఎచ్చట, ఎవరికి, ఏవిధమునఁ గనఁబడెనను ముఖ్యాంశములందే భేదము గలిగి, వ్రాసినవారు తాము చూచితిమని చెప్పక వినినదానినే వ్రాసినప్పుడు, ప్రకృతినియమమునకు విరుద్ధమైన సంఘటనను ఆ సాక్ష్యముచే స్థాపించుట దుర్ఘటము. రెనాను అభిప్రాయమిది: యేసును అమితముగాఁ బ్రేమించిన మగ్దలేనే మరియ యొక్క హృదయమే మొదట అతనిని సజీవునిగాఁ జూచెను; ఆమె చూపు ఇతరులకు వ్యాపించెను. అనఁగా సమాధినుండి లేచినది శరీరము కాదు, ప్రేమ. అక్కను పరదేశపుమట్టిలో విడిచివచ్చిన యైదేండ్లకే రెనాను ఈ మాటలు వ్రాసెనని స్మరింపవలెను.

ఈ వివరణము మనోహరమేకాని పరిపూర్ణము కాదు. శుక్రవారమున భయముతో నలుదిక్కులకుఁ బాఱిపోయిన శిష్యులు ప్రాణములకుఁ దెగించి బోధించువారైరి. హింసకుఁడై తిరిగిన పౌలు అనుచరుఁడయ్యెను. మగ్దలేనే మరియతో సంబంధములేని పౌలునకు ఆమె స్వప్నము ఎట్లు సోఁకెను? రెనాను తనకు సరిపడిన సుకుమారుఁడగు యేసును గల్పించుకొని చరిత్రమును నవలగా మార్చెనని పండితులు నిందించిరి. 1906లో ఆల్బర్టు ష్వైట్జరు తన గ్రంథమున దీనిని తీవ్రముగా విమర్శించెను. అంతకంటె గొప్పలోపము మఱియొకటి గలదు. సెమిటికుజాతులు ఆర్యజాతులకంటె బుద్ధియందుఁ దక్కువవని రెనాను పలుచోట్ల వ్రాసెను. ఇస్లాము శాస్త్రమునకు విరోధియని 1883లో ఉపన్యసింపఁగా జమాలుద్దీన్ అఫ్ఘానీ పత్రికాముఖమున బదులు చెప్పెను. గ్రంథముయొక్క యప్రమాదత్వమును ఖండించినవాఁడే జాతియొక్క యాధిక్యమును నమ్మెను. ఒకగుడ్డినమ్మకమును విడిచినవారు వేఱొకదానిలోఁ బడకుండుట దుర్లభమని దీనివలనఁ దెలియుచున్నది.

1870లో నెపోలియను ప్రభుత్వము కూలఁగా రెనానునకు ఆచార్యపీఠము మరలవచ్చెను. 1878లో ఫ్రెంచి అకాడమీలో సభ్యుఁడయ్యెను. 1883లో కొలేజు ద ఫ్రాన్సున కధ్యక్షుఁడయ్యెను. క్రైస్తవమతోత్పత్తులనుగూర్చిన యేడుసంపుటములను ముగించి, ఇశ్రాయేలుజనుల చరిత్రమును వ్రాసెను. కాని వార్ధక్యమున నతని మనస్సున నొక భయము మెదలుచుండెను. తనతరమువారి సచ్ఛీలము పూర్వుల భక్తివలన సంపాదింపఁబడినదే. భక్తిలేక పెరుఁగు తరువాతితరమువారు దేని యాధారమున ధర్మమును నిలుపుకొందురు? ఈప్రశ్నకు అతఁడు బదులు చెప్పలేకపోయెను. 1892వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని అతఁడు తన పదవీగృహముననే మృతినొందెను.

మరణానంతరమును వివాదము శమింపలేదు. 1903లో త్రెగ్యేలో దేవాలయమున కెదురుగా అతని విగ్రహమును నిలుపఁగా కతోలికులు ఘోరముగాఁ బ్రతిఘటించిరి. రక్షకభటుల కాపుదలలో ఆవిష్కరణము జరిగెను. వారును ప్రత్యుత్తరముగా ఆ పట్టణముననే సిలువను స్థాపించిరి. 1905లో ఫ్రాన్సున మతమునకును ప్రభుత్వమునకును సంబంధము తెగిపోయెను. అయినను అతని కుమార్తె కుమారుఁడగు ఎర్నెస్టు సికారీ 1913లో కతోలికమతమునఁ బ్రవేశించి, మఱుసటియేఁట ఆగస్టు 22వ తేదీని యుద్ధభూమిలో మరణించెను. తాత యే ద్వారమున వెలుపలికి వచ్చెనో ఆ ద్వారముననే మనుమఁడు లోపలికిఁ బోయెను.

నేఁటి ఫ్రాన్సు స్థితి యెట్లున్నది? 2019, 2020 సంవత్సరములలో ఆ దేశపు గణాంకశాఖవారు జరిపిన విచారణమునందు, 18 మొదలు 59 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 51 మంది తమకు మతము లేదనిరి. కతోలికులమని చెప్పినవారు 29 మంది. ఈస్టరు సోమవారము అందఱకును సెలవుదినమే. పెద్దశుక్రవారమునకు ముందుదినమున దేవాలయముల గంటలు మౌనమువహించి రోమునకుఁ బోవుననియు, మరలివచ్చునప్పుడు తియ్యనిగ్రుడ్లను జల్లుననియు బిడ్డలకుఁ జెప్పెడు కథయు నిలిచియున్నది. మిఠాయి మిగిలెను, మహిమ తొలఁగెను. అట్లని కథ ముగిసినదనుటకును వీలులేదు. 2025వ సంవత్సరపు ఈస్టరునాఁడు ఆ దేశమున పదివేలకు మించిన వయోజనులు స్వేచ్ఛగా బాప్తిస్మము పొందిరి.

చదువరులారా, దీనివలన గ్రహింపవలసినదేమి? పండితుఁడు అడిగిన ప్రశ్నకు బదులుగా అతని పదవిని దీసివేసిన మతసంఘము ప్రశ్నను చంపలేదు. జనులకు దానిని మఱింత చేరువచేసెను. సందేహమునే ఆభరణముగా ధరించిన విద్యావంతులును తమబిడ్డలకు నమ్మఁదగినదేదియు నియ్యలేదు. సమాధినుండి శరీరము లేచెనని నమ్మువాఁడు నమ్మవచ్చును. నమ్మలేనివాఁడు నమ్మితినని బొంకవలదు. కాని చావునకుఁ జావని ప్రేమ గలదనియు, దానికై తన్ను దానర్పించుకొన్న బ్రదుకు వ్యర్థము కాదనియు ఈస్టరు చెప్పుమాటను విడిచినచో మిగులునది గ్రుడ్లపండుగయే. రెనాను తన బుద్ధిచే పునరుత్థానమును నిరాకరించెను. తన తుదిదినమువఱకును అమ్షీత్‌నందు నిద్రించుచున్న అక్కను మఱువలేదు. పోలండులో ఒంటరిగాఁ బాఠములు చెప్పి తమ్ముని స్వాతంత్ర్యమునకై 1200 ఫ్రాంకులను గూడఁబెట్టిన యా స్త్రీ త్యాగము ఏ వ్యాకరణపరీక్షకును లొంగునది కాదు. విమర్శనమునకు నిలువని కథలను విడిచినను, ఇట్టి త్యాగమును నేర్పు భక్తిని విడువకుండుటయే విద్యావంతులు చేయవలసిన పని.